రెండో సంతకం

పటం బల్లమీద బోర్లా పడి ఉంది.

దాన్ని అలా పెట్టింది బ్లియా తండ్రి వా చూ. తన ఇంటి గోడమీంచి దించి, పాత తువ్వాలులో చుట్టి, ట్రక్కులో పక్కసీటుమీద పెట్టుకుని కూతురింటికి తెచ్చాడు. వచ్చి గంటయింది. ఇంతవరకూ దాన్ని తిప్పలేదు, మంచినీళ్లు ముట్టలేదు.

ఆ పటంలో ఉన్నది అల్లుడికి యూనివర్సిటీలో సీటు ఇస్తూ ఏప్రిల్లో వచ్చిన ఉత్తరం. నిన్న వచ్చిన ఇంకో ఉత్తరం ఆ సీటును తీసేసింది.

"ఇంకా పాటే వస్తోందా?" అడిగింది బ్లియా అత్తగారు.

బ్లియా భర్త ఫెంగ్ ఫోను చెవికి ఆనించుకుని తల ఊపాడు. నలభై నిమిషాలుగా యూనివర్సిటీ ఆఫీసు వాళ్లు అతనికి ఒకటే పాట వినిపిస్తున్నారు.

"సీటు పీకేసినవాళ్లకి పాటలొకటి!" అంటూ ఆవిడ రోట్లో మిరపకాయల్ని ఇంకాస్త గట్టిగా దంచింది. ఘాటుకు వా చూ తుమ్మాడు. ఆవిడ ఆపలేదు.

బయట ఫ్రెస్నో ఊరి ఎండ కిటికీ అద్దాలను కాలుస్తోంది. ఇంటి కప్పుమీద కూలరు గరగరమంటోంది. బ్లియా గోడ పక్కన నిలబడి ఉంది. కూర్చోవాలంటే భయంగా ఉంది. కూర్చుంటే ఎవరైనా తనను ఏదైనా అడుగుతారేమోనని.

"చివరి మార్కుల జాబితా అందలేదట. అందకపోవడమేంటి?" వా చూ మూడోసారి అడిగాడు. "మీ కాలేజీ వాళ్లు పంపలేదా?"

"పంపారు నాన్నా. జూన్ మూడునే పంపారు."

"మరి ఎటు పోయింది? నడిచి వెళ్లి దారి తప్పిందా?"

ఫెంగ్ ఒక్కసారిగా నిటారుగా కూర్చుని చెయ్యెత్తాడు. పాట ఆగింది.

అటువైపు ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. ఫెంగ్ "అవును" అన్నాడు. "అవును, అది నేనే" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు విన్నాడు. కళ్లెత్తి బ్లియాను చూశాడు. మళ్లీ దించేశాడు.

అతను ఇప్పుడు వింటున్నది బ్లియాకు మూడు వారాలుగా తెలుసు.

ఫోను పెట్టేసి ఫెంగ్ రెండు అరచేతులూ మోకాళ్లమీద ఆనించుకున్నాడు.

"జాబితా వాళ్లకు చేరిందట" అన్నాడు. "అక్కడే ఉందట, జూన్ నుంచి. ఫెంగ్ లోర్ అన్న పేరుమీద. ఆ పేరుతో ఎవరూ దరఖాస్తు పెట్టలేదు కాబట్టి పక్కన పెట్టేశారట. దరఖాస్తు పెట్టింది న్యా ఫెంగ్ లోర్."

రోకలి ఆగింది.

"నేను పెట్టిన పేరు" అన్నాడు వా చూ.



మనవరాలు పుట్టాక, రెండేళ్ల కిందట, తమవాళ్ల ఆచారం ప్రకారం వా చూ, ఆయన భార్య అల్లుడికి పెద్దపేరు పెట్టారు. పందిని కోశారు, మణికట్టుకు తెల్లదారాలు కట్టారు, కొత్త చొక్కా తొడిగారు. ఫెంగ్ అనే కుర్రాడు ఆ రోజుతో అయిపోయాడు. న్యా ఫెంగ్ అనే ఇంటి యజమాని మొదలయ్యాడు. ఆ తర్వాత ఎవరైనా అతన్ని పాతపేరుతో పిలిస్తే అది పేరు పెట్టినవాళ్లను చులకన చేసినట్టే. కన్నతల్లి ఒక్కత్తే మరిచిపోయినట్టు నటించి పిలుస్తుంది.

"అన్నయ్యా, మీరేం అనుకోకండి" అంది అత్తగారు, అనుకోవాలని కోరుకుంటున్న గొంతుతో. "మేం పెట్టిన పేరుతో వాడు ఏడేళ్లు చదివాడు. రాత్రంతా కోల్డ్ స్టోరేజీలో పని, పగలు క్లాసు. ఒక్క కాగితం ఎక్కడా తప్పిపోలేదు. మీరు పెట్టిన పేరుతో ఒకే ఒక్క దరఖాస్తు పెట్టాడు..."

"చెల్లెమ్మా, ఆ రోజు పందిమాంసం మీరు రెండుసార్లు వడ్డించుకున్నారు. పేరు అప్పుడు బాగానే అరిగింది."

"అరిగిందనే అనుకున్నా. ఇప్పుడు తెలిసింది ఎక్కడ అడ్డం పడిందో."

"అమ్మా, ఊరుకో" అన్నాడు ఫెంగ్.

"నేను ఊరుకుంటాను. నీ ఉద్యోగం ఊరుకుంటుందా? పోయిన శుక్రవారమే మానేసి వచ్చావు. వాళ్లంతా నీకు కేకు కోశారు. మళ్లీ వెళ్లి ఏమంటావు, కేకు తిరిగి తెచ్చానంటావా?"

వా చూ ఆ మాటలు వింటున్నట్టు లేడు. బోర్లా ఉన్న పటాన్నే చూస్తున్నాడు. "ఆ పేరు రాయమన్నది ఎవరు?" అని అడిగాడు నెమ్మదిగా. "దరఖాస్తులో. ఎవరు రాశారు?"

బ్లియా నోరు తెరిచింది.

"నేనే రాయమన్నాను మామయ్యా" అన్నాడు ఫెంగ్.

బ్లియా నోరు మూసుకుంది.

*

అతను రాయమనలేదు. అక్టోబర్లో దరఖాస్తు నింపుతుంటే, పక్కన కూర్చుని నారింజ వలుస్తూ, "కాలేజీలో ఉన్న పేరే రాస్తే పోలా?" అన్నాడు. బ్లియా ఒప్పుకోలేదు. సీటు వస్తే ఉత్తరం నాన్నకు చూపించాలి, అందులో ఆయన పెట్టిన పేరు ఉండాలి అంది. ఫెంగ్ ఒక తొన ఆమె నోట్లో పెట్టి, "నీ ఇష్టం, ఈ కాగితాల సంగతి నీకంటే నాకు ఎక్కువ తెలుసా?" అన్నాడు.

నిజమే, ఆమె కంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. కమ్యూనిటీ కాలేజీలో ఆమె ఉద్యోగమే అది. రెండేళ్లు అక్కడ చదివి, మిగతా రెండేళ్లకు యూనివర్సిటీకి వెళ్లి డిగ్రీ పూర్తిచేయాలనుకునేవాళ్లను ఆ గట్టు దాటించడం. ద్రాక్షతోటల్లో పనిచేసే అమ్మాయిలు, ఇద్దరు పిల్లల తల్లులు, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లు ఆమె బల్ల ముందు కూర్చునేవారు. ఏ క్లాసు అక్కడ లెక్కలోకి వస్తుంది, ఏది రాదు, ఏ కాగితం ఎప్పటిలోగా చేరాలి అని ఆమె చెప్పేది. ఆమె వెనక గోడమీద ఎర్ర అక్షరాలతో ఒక అట్ట ఉండేది. ఆమె చేత్తో రాసిందే. పంపామన్న మాట నమ్మకండి, చేరిందని వాళ్ల నోట వినండి.

జూన్ పన్నెండున మొదటి మెయిలు వచ్చింది. ఫెంగ్ మెయిళ్లన్నీ ఆమె ఫోనుకే వస్తాయి. రాత్రి పని చేసి పగలు పడుకునే మనిషికి అవి చూసే తీరిక ఎక్కడిది? మీ చివరి మార్కుల జాబితా ఇంకా మాకు అందలేదు అని ఉంది. ఎదురుగా అరసెలి అనే విద్యార్థిని కూర్చుని ఉంది. ఇలాంటివి మెషిన్లు అందరికీ పంపుతాయిలే అనుకుని బ్లియా ఫోను బోర్లా పెట్టింది.

ఇరవై నాలుగున రెండోది వచ్చింది. అప్పుడు రికార్డుల గదికి వెళ్లి చూసింది. జాబితా పంపినట్టు ఉంది. దానిమీద పేరు ఫెంగ్ లోర్.

అక్కడ నిలబడే ఆమెకు అంతా అర్థమైంది. ఐదు నిమిషాల ఫోను చాలు. వేరే ఎవరి పిల్లాడి సంగతైనా అయితే అక్కడి నుంచే చేసేది. కానీ ఈ ఫోను చేస్తే, పేరు సరిచేసే కాగితాల మీద సంతకాలకు ఫెంగ్‌ను పిలవాలి. పిలిస్తే, నువ్వు చెప్పిన మాట నేను వినలేదు అని ఒప్పుకోవాలి. తాను పెట్టిన పేరు వల్లే ఇబ్బంది వచ్చిందని నాన్నకు తెలుస్తుంది. రేపు చేద్దాం అనుకుంది.

జూలై ఎనిమిదిన మూడోది వచ్చింది. ఆ రోజు కాలేజీ నుంచి జాబితాను మళ్లీ పంపించింది, అదే పేరుతో. అతకదని తెలిసే పంపింది. పంపినట్టు రసీదు వచ్చింది. ఆ రసీదును చూసుకుని వారం రోజులు గడిపింది.

*

వాషింగ్ మెషిన్ పక్కన ఇరుకు చోటులో ఫెంగ్ ఆమెను పట్టుకున్నాడు.

"ఏడవకు."

"ఏడవట్లేదు."

"సరే, ఏడవనిదానివి ముక్కు తుడుచుకో." చొక్కా అంచు ఇచ్చాడు. "ఇంకా అయిపోలేదు. ఆవిడ మంచిదే, ఆ ఫోనులో ఆవిడ. ఇవాళ ఐదింటిలోగా రెండు కాగితాలు పంపితే పైవాళ్లు మళ్లీ చూస్తారంది. ఒకటి, ఎందుకిలా జరిగిందో నేను రాయాలి. రెండోది, రెండు పేర్లూ నావేనని నన్ను ఎరిగిన పెద్దమనిషి రాసివ్వాలి. మీ నాన్న ఉన్నాడుగా."

"నువ్వెందుకు అలా చెప్పావు, నువ్వే రాయమన్నానని?"

"ఏం చెప్పమంటావు? ఆయన మొహం చూశావా?" ఫెంగ్ గొంతు తగ్గించాడు. "నిన్ను అనడానికి నాకు నోరు రాదు బ్లియా. ఏడేళ్లు నా కాగితాలన్నీ నువ్వే మోశావు. ఒక్క పేరు దగ్గర పొరపాటు పడితే ఏమైంది? తెలిసి చేశావా?"

ఆమె అతని చొక్కా గుండీని చూస్తూ నిలబడింది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. గుండీకి దారం వదులైంది, కుట్టాలి అని కూడా అనుకుంది.

"ఒక మాట..."

"మూడు దాటింది. పద."

అప్పుడే ఆమె ఫోను మోగింది. అరసెలి.

"అక్కా! చేరిందంట! మీరు చెప్పినట్టే ఫోన్ చేసి వాళ్ల చేత చెప్పించుకున్నా. నా జాబితాలో ఇంటిపేరు ఒకటి తగ్గిందంట, అక్కడికక్కడే సరిచేశారు. మీరు లేకపోతే నా గతేంటి అక్కా! మా అమ్మ మీకు తమాల్స్ వండి పంపిస్తానంటోంది. చికెన్‌వా, చీజ్‌వా?"

"ఏవైనా" అంది బ్లియా. "ఏవైనా ఫరవాలేదు."

ఫెంగ్ నవ్వాడు. "చూశావా? ఊరందరి పనీ చేసిపెట్టే దానివి. మన పని కాదంటారా?"

*

బల్లమీద మిరపకాయల గిన్నె, ఉడికించిన కోడి, జిగురు అన్నం బుట్ట పక్కకు జరిగాయి. మధ్యలో కంప్యూటరు వచ్చింది. ఎవరూ తినలేదు.

ముందు వా చూ ఇవ్వవలసిన కాగితం. బ్లియా ఇంగ్లీషులో రాసి తమ భాషలో చదివి వినిపించింది. నేను వా చూ మువా, ఈ వ్యక్తి భార్యకు తండ్రిని. పదకొండేళ్లుగా ఇతన్ని ఎరుగుదును. ఇతని పేరు ఫెంగ్ లోర్. ఇతని...

అక్కడ ఆగింది.

"ఇతని?" అన్నాడు వా చూ.

"వాళ్ల కాగితంలో ఒక మాట ఉంది నాన్నా. దాని ముందు రెండో పేరు రాయాలి."

"ఏం మాట?"

ఆమె తలవంచుకుంది. "మారుపేరు."

వా చూ కుర్చీ వెనక్కి జరిపాడు. "మారుపేరు దొంగలకుంటుంది. పోలీసుల నుంచి తప్పించుకు తిరిగేవాళ్లకుంటుంది. నేను పెట్టింది పెద్దపేరు."

"వాళ్లకు ఆ మాట లేదు మామయ్యా" అన్నాడు ఫెంగ్.

"మాట లేకపోతే అడగమను, చెబుతాను. మొన్న సంతలో ఎవరో ఫెంగ్ అని కేకేస్తే నలుగురు తల తిప్పారు. నలుగురూ లోర్‌లే. న్యా ఫెంగ్ అని పిలిస్తే నువ్వొక్కడివే తిరుగుతావు. అందుకు పెట్టాను. ఇప్పుడు నా నోటితో నేను, ఇతని అసలు పేరు అది, నాది మారుపేరు అని చెప్పాలా?"

"చెబితే వాడికి సీటొస్తుంది" అంది అత్తగారు. ఈసారి ఆవిడ గొంతులో వెటకారం లేదు.

వా చూ కుర్చీ మళ్లీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత కలం అడిగాడు.

పౌరసత్వం పరీక్ష కోసం నేర్చుకున్న సంతకం అది. ఒక్కో అక్షరం విడివిడిగా, పలకమీద పెట్టినట్టు పెడతాడు. బ్లియా ఆ చేతిని చూసింది. గోళ్లలో తోటమట్టి ఉంది. పొద్దున్నే నిమ్మగడ్డి కోసి వచ్చి ఉంటాడు.

"ఇంకోటి రాయి" అన్నాడు సంతకం అయ్యాక. "ఈ పేరు వాడమని పట్టుబట్టింది నేనేనని రాయి. అల్లుడిది తప్పు కాదు, ముసలివాడి మొండితనం అని రాయి. ఆలస్యం కూడా నా వల్లే అయిందని రాయి. నాకు జబ్బు చేసిందను. ఏదో ఒకటి."

"నాన్నా, వద్దు."

"ఎందుకొద్దు? నేనేం యూనివర్సిటీకి వెళ్లాలా? నా సీటు ఎవరు పీకుతారు?"

"బాగుంది" అంది అత్తగారు. "అదే రాయి అమ్మాయ్. అన్నయ్య పెద్దమనసుతో అంటున్నారు."

ఫెంగ్ తల అడ్డంగా ఊపాడు. "మామయ్యా, అంత అక్కర్లేదు. ఉన్నదే రాద్దాం." బ్లియా వైపు తిరిగాడు. "నా ఉత్తరం తియ్యి. చెబుతాను, రాయి. పేర్లు రెండు కావడంతో పొరపాటు జరిగింది. ఈ పొరపాటు గురించి నిన్నటి వరకూ మాకు ఎలాంటి సమాచారమూ రాలేదు. వచ్చి ఉంటే వెంటనే సరిచేసుకునేవాళ్లం."

ఆమె వేళ్లు కదల్లేదు.

"రాశావా?"

తెరమీద యూనివర్సిటీ ఫారంలో ఒక ఖాళీ గడి కనిపిస్తోంది. మీకు ఈ సంగతి మొదట తెలిసిన తేదీ. దాని కింద సన్నటి అక్షరాల్లో ఇంకో వాక్యం. పైన రాసిందంతా నిజం, అబద్ధమైతే చట్టం విధించే శిక్షకు ఒప్పుకుంటున్నాను. దాని కింద రెండు గీతలు. ఒకటి రికార్డులో ఉన్న పేరుతో సంతకానికి. రెండోది దరఖాస్తులో రాసిన పేరుతో సంతకానికి.

ఆ సంతకాలు తనవి కావు, ఫెంగ్‌వి.

"నిన్నటి తేదీ వెయ్యి" అన్నాడు ఫెంగ్. "ఏంటి ఆలోచన?"

"జూన్ పన్నెండు" అంది బ్లియా.

"ఏంటది?"

"మొదటి మెయిలు వచ్చిన రోజు."



"ఎవరికొచ్చింది?" అన్నాడు ఫెంగ్.

"నీకు. నా ఫోనుకు. నేను చదివాను."

అత్తగారు ఏదో అనబోయింది. ఫెంగ్ ఆవిడ వైపు చూడకుండానే చెయ్యెత్తాడు. ఆవిడ ఆగిపోయింది.

"ఎన్ని వచ్చాయి?"

"మూడు."

"మూడూ చదివావా?"

"చదివాను."

"పేరు వల్లేనని తెలుసా నీకు?"

"రెండోది వచ్చినప్పుడు తెలిసింది."

"అంటే జూన్‌లోనే."

"జూన్‌లోనే."

అతను ఆలోచిస్తున్నట్టు కిటికీ వైపు చూశాడు. మొహంలో కోపం కోసం బ్లియా వెతికింది. కోపం ఉంటే బాగుండు అనిపించింది. అతను మాత్రం, క్లాసులో అర్థంకాని లెక్కను రెండోసారి చదువుతున్నవాడిలా ఉన్నాడు.

"ఎందుకు?" అన్నాడు.

"నువ్వు ముందే చెప్పావు. కాలేజీలో ఉన్న పేరే రాయమని. నేను వినలేదు." ఆమెకు తన గొంతు ఎవరిదోలా వినిపించింది. "నాన్న గోడకు తగిలించుకోవాలని రాశాను. అది నీతో చెప్పాల్సొస్తుందని... రేపు చెబుదాం, రేపు చెబుదాం అని..."

వా చూ కూతుర్ని చూశాడు. ఆ తర్వాత అల్లుణ్ణి. "అంటే నువ్వు రాయమనలేదా?"

లేదన్నట్టు ఫెంగ్ తల ఊపాడు.

"ఇందాక నా కోసం అబద్ధం చెప్పావా?"

"మీ కోసం కాదు మామయ్యా" అన్నాడు ఫెంగ్. "దీని కోసం."

'దీని' అన్న మాట బ్లియాకు చెంపమీద పడినట్టయింది. అతను ఎప్పుడూ ఆమెను అలా అనలేదు.

"రాయి" అన్నాడు.

"ఏం రాయను?"

"జూన్ పన్నెండు అని రాయి. ఉన్నదున్నట్టు రాయి. మెయిలు నా భార్య చూసింది, నాకు చెప్పలేదు అని రాయి."

"అలా రాస్తే వాళ్లు..."

"ఇంకేం రాయమంటావు? నా చేత అబద్ధం మీద సంతకం పెట్టించే దానివా?"

ఆమె రాసింది. తప్పులు పడ్డాయి, దిద్దింది. తన పేరు దగ్గర, భార్య అన్న మాట పక్కన, తాను ఆ కాలేజీలో ఇదే పని చేస్తున్నట్టు కూడా రాసింది. అది రాయమని ఎవరూ అడగలేదు. మూలనున్న పాత ప్రింటరు కాగితాన్ని లాక్కుని, నమిలి నమిలి బయటికి వదిలింది.

గడియారంలో నాలుగు దాటి పదిహేడు నిమిషాలు.

ఫెంగ్ కాగితాన్ని ముందుకు లాక్కుని మొత్తం చదివాడు. చివరిదాకా చదివాడు. ఏడేళ్లలో అతను తన కాగితాన్ని తానే చదవడం ఇదే మొదటిసారి అని బ్లియాకు తోచింది.

మొదటి గీత మీద ఫెంగ్ లోర్ అని సంతకం పెట్టాడు.

కలాన్ని రెండో గీత దగ్గరికి తెచ్చాడు. మొన కాగితాన్ని తాకింది. అక్కడ చిన్న సిరాచుక్క పడింది.

తర్వాత కలానికి మూత పెట్టి, బల్లమీద ఉంచి, లేచాడు.

"ఫెంగ్" అంది అత్తగారు.

అతను చెప్పులు వేసుకుని తలుపు తీశాడు. ఎండ లోపలికి ఒక్కసారి వచ్చి, తలుపుతో పాటే వెళ్లిపోయింది. మెట్లమీద అతని అడుగులు నాలుగు వినిపించాయి. ఐదోది వినిపించలేదు. కారు తలుపు చప్పుడూ రాలేదు.

బ్లియా కదల్లేదు.

వా చూ బోర్లా ఉన్న పటాన్ని తన వైపు జరుపుకున్నాడు. మొదటిసారి దాన్ని తిప్పాడు. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. కానీ ఏప్రిల్ నుంచి రోజూ అన్నం తినేముందు ఆ ఉత్తరాన్ని చూశాడు. అందులో తాను పెట్టిన పేరు ఎక్కడుందో, ఎంత పొడుగుందో ఆయనకు తెలుసు. పటంలోని ఆ పేరు మీద ఒక వేలు పెట్టాడు. ఇంకో వేలితో కొత్త కాగితం మీద మొదటి గీతను తడిమాడు. కొలిచి చూశాడు. రెండో గీతకు వచ్చాడు.

అక్కడ సిరాచుక్క దగ్గర వేలు ఆగింది.

"అమ్మా" అన్నాడు మెల్లగా, కూతురి వైపు చూడకుండా. "ఇక్కడ పేరు లేదు కదూ?"